'దూడ' అన్నచోట 'శిశువు'

పంచాయతీ సమితులు కొత్తగా పుట్టిన రోజులవి. ప్రభుత్వానికి చేతినిండా పని, నోటినిండా ఉత్సాహం. ఒక నెల కంపోస్టు వారోత్సవం, ఒక నెల ఎలుకల నిర్మూలన వారోత్సవం, ఇంకో నెల పొగలేని పొయ్యిల వారోత్సవం. పొయ్యిల విషయంలో వేములగుంట సమితి జిల్లాకే మొదటిదిగా నిలిచింది. ఆ పొయ్యిల్లో ఇప్పుడు కోళ్లు పొదుగుతున్నాయి. ఇలా అన్నీ అయిపోయాక, ఆ ఏడు పైవాళ్ల కళ్లు పసిపిల్లల మీద పడ్డాయి.

ఏటా శివరాత్రి తిరునాళ్ల వెంటే సమితివాళ్లు పశు ప్రదర్శన జరుపుతారు. ఈసారి అక్కడే 'ఉత్తమ శిశువు' పోటీ కూడా జరపాలని ఉత్తరువు వచ్చింది. పుష్టిగా ఉన్న బిడ్డను నలుగురికీ చూపిస్తే, మిగతా తల్లులు సిగ్గుపడి తమ బిడ్డల్ని కూడా పుష్టిగా పెంచుతారట. నిబంధనలు వేరే కవరులో పంపుతున్నామని కింద ఒక ముక్క రాశారు. ఆ వేరే కవరు మాత్రం రాలేదు.

సమితి బీడీవో భుజంగరావుగారికి నిబంధన లేని పని పంచె లేని మనిషితో సమానం. ఎదురుగా నిలబడితే కళ్లు మూసుకుంటారు. ఆయన కాసేపు ఆలోచించి గుమాస్తాను పిలిచి చెప్పారు. "పశు ప్రదర్శన నిబంధనావళి మన యొద్ద ఉన్నది గదా! అందు 'దూడ' అను పదము వచ్చిన ప్రతి చోటను 'శిశువు' అని చదువుకొనవలెనని ఉత్తరువు తయారుచేయుము." అంతటితో నిబంధనలు తయారయ్యాయి. ఆయన భోజనానికి లేచారు.

ఇక న్యాయనిర్ణేత. ఆసుపత్రి డాక్టరుగారు మశూచి టీకాల పని మీద ఊళ్లు తిరుగుతున్నారు. మిగిలింది పశువుల డాక్టరు పరాంకుశంగారు. ఆయన మెత్తని మనిషి, భయపడిపోయారు.

"సార్, నా చదువంతా నాలుగు కాళ్ల వాటి మీదేనండీ!"

"అట్లయినచో పాకుచున్న శిశువులను మాత్రమే స్వీకరించుదము," అన్నారు భుజంగరావుగారు. "రెండు కాళ్లపై నిలబడిన వారిని తిరస్కరించుదము. మీ పరిధి దాటదు."

పోటీకి వయసు హద్దు కూడా అలాగే తేలిపోయింది.

అన్నీ కుదిరాయి గానీ పిల్లలు కుదరలేదు. సమితిలో ఒక్క తల్లి కూడా బిడ్డను తెస్తాననలేదు. ఆ చుట్టుపక్కల బిడ్డ ఒళ్లు చేస్తే దాచుకుంటారు గానీ ఎవరైనా చూపించుకుంటారా? ఎవరైనా "బాగున్నాడే" అంటే తల్లి గతుక్కుమని, "యాడ బాగు, రాత్రంతా కక్కాడు" అని చెప్పి లోపలికి తీసుకుపోతుంది. అలాంటిది, తిరునాళ్ల జనంలో పందిరేసి, కుర్చీలేసి, ఊరి దిష్టినంతా పిలిచి తగలమనడమేమిటి?

గ్రామసేవిక కరుణకుమారి ఇల్లిల్లూ తిరిగి, కాళ్లు నొప్పులు పుట్టి, చివరికి అంకమ్మ వాకిట్లో చతికిలబడి కళ్లొత్తుకుంది. "పిల్లల్ని పోగుచెయ్యకపోతే నన్ను ఏజెన్సీకి బదిలీ చేస్తారంట అంకమ్మా! మా అమ్మకి చూపు ఆనదు. నేనెట్టా పోయేది?"

అంకమ్మకు కాదనడానికి మొహం చెల్లదు. పోయిన ఏడు పురుడు అడ్డం తిరిగితే, వానలో బండి కట్టించి ఆసుపత్రికి చేర్చింది ఈ కరుణకుమారే. ఆ బిడ్డ ఇప్పుడు నట్టింట్లో పాకుతూ, దొరికిన చెప్పునల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. పేరు తవిటయ్య. బుగ్గలు చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు.

అయితే ఆ తవిటయ్య అంకమ్మ కొడుకు కాడు. అంటే, కన్నది అంకమ్మే. కానీ అంతకు ముందు పుట్టిన ఇద్దరూ ఆమెకు దక్కలేదు. మొదటివాడు బోర్లా పడకముందే పోయాడు. రెండోది నవ్వు నేర్చాక పోయింది. అందుకని మూడోవాణ్ణి ఆసుపత్రి నుంచి తేగానే, చేటలో పడుకోబెట్టి, పెరటి గుమ్మంలో నిలబడి, పొరుగింటి నాంచారమ్మకు సోలెడు తవుడుకి అమ్మేసింది. నాంచారమ్మ తవుడు కొలిచి పోసి, బిడ్డను ఎత్తుకుని, "వీడు నా సొత్తు. నువ్వు ఊరికే సాకిపెట్టు," అని మళ్లీ అంకమ్మ ఒళ్లో పెట్టింది. బిడ్డలు నిలవని ఇళ్లలో ఆ వైపు చేసే పనే ఇది. తీసుకుపోయేవాళ్లు వచ్చి వెతికితే, ఆ ఇంట్లో ఆ తల్లి బిడ్డంటూ కనపడకూడదు.

అంకమ్మ ఆ బేరాన్ని ప్రాణంలా కాపాడుకుంటోంది. వాడు పుట్టిన దగ్గర్నుంచీ 'నా కొడుకు' అన్న మాట ఆమె నోట రాలేదు. ముద్దొచ్చినప్పుడు పెదవి కొరుక్కుంటుంది. మొగుడు బ్రహ్మయ్య కూడా "నాంచారమ్మగారి పిల్లోడు ఏడుస్తున్నాడు, చూడు" అంటాడు. ముందు ఇద్దర్నీ 'నా బంగారుతండ్రీ, నా తల్లీ' అని వీధంతా వినపడేలా పిలుచుకుంది. విన్నవాళ్లు విన్నారు, తీసుకుపోయారు. ఈసారి ఆ తప్పు చెయ్యదల్చుకోలేదు.

గోడవతల నుంచి నాంచారమ్మ అంతా విన్నది. ముగ్గురు కోడళ్లను తరిమేసి రెండు గేదెలతో కాపురముంటున్న మనిషి. ఆమె నోటికి ఊళ్లో ఎదురు లేదు.

"పిల్లోడు నావోడు. తీసుకెళ్లేది నేను. దిష్టి తగిలితే నా సొత్తుకి తగిలిద్ది, మజ్జెన నీకేంది?" అని తేల్చేసింది. "సేవికమ్మా, రాసుకో. మా తవిటిగాడు వస్తన్నాడు."

ఒకడు వస్తున్నాడని తెలిసేసరికి, కరుణకుమారి కన్నీళ్లతో ఇంకో నాలుగు ఊళ్లు తిరిగి మొత్తానికి పందిరి నింపింది.

ప్రదర్శన నాడు ఒక పక్క కోడెలు, ఒక పక్క పెయ్యలు, మధ్యలో శిశువులు. నిబంధన ప్రకారం ప్రతి శిశువునూ దాని నంబరుగల గుంజకు కట్టారు. తల్లులు మెత్తని చీరపేలికలు తెచ్చి నడుములకు కట్టి, రెండో కొస గుంజకు ముడేశారు. పాకే పిల్లలు కాబట్టి ఈ ఒక్క నిబంధన మాత్రం వాళ్లకు బాగా నచ్చింది. ఇళ్లల్లో కూడా ఒక గుంజ పాతించుకోవాలని ఇద్దరు ముగ్గురు అప్పుడే అనుకున్నారు.

పరాంకుశంగారు బితుకుబితుకుమంటూ మొదటి గుంజ దగ్గరికి వచ్చారు.

"బిడ్డ ఆరోగ్యం ఎలా ఉందమ్మా?"

"ఆరోగ్యమా నా మొహమా! ఏం తినడండీ. చూడండి ఎట్టా చిక్కిపోయాడో," అంది తల్లి. బిడ్డ గుమ్మడికాయలా ఉన్నాడు. డాక్టరుగారు 'మేత సరిగా మేయడు' అని రాసుకున్నారు.

"మీవాడో?"

"వాడికంటే చిక్కినోడండీ మావోడు," అంది రెండో తల్లి. మూడో ఆమె ఊరుకుంటుందా? తన పిల్ల పుట్టాక అసలు ముద్దే ముట్టలేదంది. ఇలా పందిరి చివరికి వచ్చేసరికి వేములగుంట సమితిలో పిల్లలెవరూ ఏమీ తినరనీ, తినకుండానే ఒళ్లు చేస్తారనీ తేలింది. ఈ సంగతి పైకి రాస్తే పాలపొడి డబ్బాలు ఆపేస్తారేమోనని పరాంకుశంగారికి బెంగ పట్టుకుంది. ఇదిగాక ప్రతి బిడ్డకూ దవడ మీద ఒకటి, అరికాలిలో ఒకటి నల్లమచ్చ. అన్నిటికీ ఒకే చోట ఉండేసరికి, అది ఈ ప్రాంతపు జాతి లక్షణమని నిర్ణయించారు.

తవిటయ్య దగ్గరికి వచ్చారు. వాడు గుంజ పట్టుకుని లేవబోతుంటే, పోటీ నుంచి తీసేస్తారేమోనని కరుణకుమారి వాణ్ణి మెల్లిగా కూర్చోబెట్టింది.

"యజమాని పేరు?"

"నాంచారమ్మ," అంది నాంచారమ్మ, బండరాయి వేసినట్టు.

"ఎలా సంక్రమించింది? ఇంట పుట్టినదా, కొన్నదా?"

"కొన్నా. సోలెడు తవుడుకి. బేరమాడే పని కూడా పడలా."

డాక్టరుగారు కళ్లజోడు పైకి తోసి ఆమెను చూశారు, బిడ్డను చూశారు, కాగితం చూశారు. కాగితంలో ఆ గడి ఉంది కాబట్టి నింపారు. తర్వాత పక్కన నిలబడ్డ అంకమ్మ వైపు తిరిగారు.

"మరి నువ్వెవరమ్మా?"

అంకమ్మ తల వంచుకుంది. ఏమని చెప్పాలి? "నేను... పాలిస్తానండీ," అంది.

"ఓహో." ఆయన కింది గడి చూసి ఎర్రబడిపోయారు. బీడీవోగారి ఉత్తరువు 'దూడ'ను మార్చింది గానీ తక్కిన మాటల్ని అలాగే వదిలేసింది. "అంటే... ఏమనుకోకు... ఇది ఎన్నో... ఈత?"

"మూడోదండీ."

"మొదటి రెండూ?"

"లేవండీ."

పరాంకుశంగారు కలం ఎత్తి ఆ గడిలో ఏదీ రాయకుండా ముందుకు వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

ఇక పళ్లు చూడాలి. వయసు కట్టడానికి పశువుల నోరు తెరవడం ఆయనకు అలవాటు. మిగతా పిల్లలు కరిచారు, రక్కారు, పందిరి ఎగిరిపోయేలా ఏడ్చారు. తవిటయ్య మాత్రం నోరు బార్లా తెరిచి, డాక్టరుగారి వేలు చప్పరించి, ఇంకో వేలు కూడా ఇమ్మన్నట్టు చూశాడు. ప్రథమ బహుమతి అక్కడే ఖాయమైంది.

భుజంగరావుగారు వేదిక మీదికొచ్చి మైకు ముందు గొంతు సవరించుకున్నారు. "నంబరు పదకొండు, శ్రీమతి నాంచారమ్మగారి శిశువు, సాధుస్వభావము, దృఢమైన గిట్ట... క్షమించవలెను, పాదములు, నిగనిగలాడు వెంట్రుకలు కలిగి ప్రథమముగా ఎన్నికైనది!" చప్పట్లు మోగాయి. బహుమతి కింద ఒక పలుపుతాడు, ఒక ఇత్తడి గంట, ఒక బస్తా తెలగపిండి ఇచ్చారు. బ్రహ్మయ్య బస్తా భుజానికెత్తుకుని అటూ ఇటూ చూశాడు. అంకమ్మకు సంతోషంగానే ఉంది, కానీ అన్ని వందల కళ్లు ఆ పసివాడి బుగ్గల మీద ఉన్నాయన్న దిగులు అంతకు రెట్టింపుగా ఉంది. తొందరగా ఇంటికి పోయి ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యాలి.

అప్పుడు భుజంగరావుగారు మిగతా షరతులు చదివారు. "బహుమతి పొందిన పశువులును శిశువును ఈ సాయంత్రమే వ్యానులో జిల్లా ప్రదర్శనకు తరలింపబడును. వెంట యజమాని తప్ప ఇతరులెవ్వరును ఎక్కరాదు. సదరు శిశువును మూడు సంవత్సరముల వరకు యజమాని అమ్మరాదు, మార్పిడి చేయరాదు, దానమీయరాదు."

అంకమ్మ గబగబా వేదిక దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, పిల్లోడు పాలు తాగేవోడండీ! నన్ను వదిలి ఉండడు. మాకు పోటీ వద్దు, గంటా వద్దు. బస్తా ఇచ్చేస్తాం."

"బహుమతి వెనుకకు పుచ్చుకొను నిబంధన లేదు," అన్నారు భుజంగరావుగారు. "జిల్లాకు తంతి వెళ్లిపోయినది. అసలు నీకును శిశువునకును సంబంధమేమి?"

నాంచారమ్మ రంగంలోకి దిగింది. "సంబంధమేందయ్యా? కన్నది అది. సాకేది అది. తవుడు పోసింది నేను. ఊళ్లో మూణ్ణాలుగిళ్లల్లో ఇదే వరస. ఈ మాత్రం తెలవదా?"

భుజంగరావుగారు కళ్లు మూసుకుని, వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పారు. "క్రయము జరిగినది. ప్రతిఫలము ముట్టినది. స్వాధీనము ఇచ్చి, తిరిగి పోషణార్థము అప్పగింపబడినది. ఇది లోకములో దూడలను సగపాలుకు మేపుటకిచ్చు పద్ధతియే. కాబట్టి ఈమె పాలుకు మేపు మనిషి. పెరిగిన పిమ్మట సగము విలువ కోరవచ్చును గాని, ప్రస్తుతము హక్కు లేదు."

"నా పిల్లోణ్ణి సగానికి కోస్తావేందయ్యా!" అని నాంచారమ్మ కేకలేసింది. "సరే, నేను వీణ్ణి దానికే ఇచ్చేస్తన్నా పో."

"మూడు సంవత్సరముల వరకు దానమీయరాదు."

నాంచారమ్మ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది. మూసుకున్నాక గానీ ఆమెకు ఇంకో సంగతి తట్టలేదు. ఇంతమందిలో ఇచ్చేస్తున్నానంటే బేరం చెడిపోదూ? అంకమ్మ వైపు చూసి నాలిక్కరుచుకుంది.

భుజంగరావుగారికి జాలి లేకపోలేదు. దానికీ ఒక నిబంధన దొరికితే చూపించే మనిషే. కాగితాలు తిరగేసి, వెలిగిన మొహంతో తలెత్తారు. "ఒక మార్గమున్నది. యాజమాన్యము గూర్చి తప్పుడు వివరమిచ్చినచో ఎంపిక రద్దగును. అమ్మా, నీవు ఈ మైకులో బహిరంగముగా చెప్పుము. 'ఈ శిశువు నా కుమారుడు, నేను అమ్మలేదు, తవుడు మాట అబద్ధము' అనుము. తక్షణమే ఇంటికి తీసుకొనిపోవచ్చును."

మైకును ఆమె ముందుకు వంచారు. నాలుగు కొసల కట్టిన నాలుగు లౌడు స్పీకర్లూ గుర్రుమన్నాయి.

అంకమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంట్లో దీపం ఆర్పాక కూడా తనలో తాను అనుకోని మాటను, నాలుగు దిక్కులకూ వినపడేలా అనమంటున్నారు. అంటే వాణ్ణి ఇంటికి తీసుకుపోవచ్చు. కానీ ఎన్నాళ్లకని తీసుకుపోవడం? ఇద్దర్ని పూడ్చిపెట్టిన చేతులు ఆమెవి. అనకపోతే పాలు లేక దారిలో గుక్కపట్టి ఏడుస్తాడు. వాడు ఏడవడం తలుచుకుంటేనే ఆమెకు రొమ్ములు చేపుకొచ్చి రవిక తడిసింది. సిగ్గుతో పైట లాక్కుని, అందరి ముందూ భోరున ఏడ్చేసింది.

అది చూసి పరాంకుశంగారు తల తిప్పుకున్నారు. తర్వాత ఏదో తోచినట్టు నిబంధనల కాగితం లాక్కుని చదివారు. చదువుతున్న కొద్దీ ఆయన భయం కాస్త తగ్గింది.

"సార్, ఒక సందేహమండీ. 'ప్రయాణమునకు చాలినంత మేతను దూడతోపాటు విధిగా పంపవలెను. మేత లేనిదే వ్యాను కదలరాదు' అని ఉంది. కోడెకు చొప్ప ఎక్కించాం. పెయ్యకు చిట్టు ఎక్కించాం. శిశువుకు మేత ఏమిటని రాయమంటారు?"

"తెలగపిండి ఇచ్చితిమి గదా!"

"తినడండీ."

"పచ్చిగడ్డి?"

"పళ్లు నేనే చూశానండీ. నమలలేడు."

భుజంగరావుగారు చిక్కులో పడ్డారు. "ఇన్నాళ్లును సదరు శిశువు ఏమి మేయుచున్నది?"

పరాంకుశంగారు అంకమ్మ వైపు చూశారు. కరుణకుమారి చూసింది. చివరికి భుజంగరావుగారు కూడా చూశారు. చూసి, గుమాస్తాతో గంభీరంగా అన్నారు. "రాయుము. మేత: ఒకటి. పేరు: అంకమ్మ."

గుమాస్తా రాశాడు. నాంచారమ్మ గేదెల్ని బ్రహ్మయ్యకు అప్పజెప్పి యజమాని హోదాలో వ్యానెక్కి, పెయ్య పక్కన తవిటయ్యను ఎత్తుకుని కూర్చుంది. అంకమ్మ కూడా చొప్పకట్టల వెంట ఎక్కబోయింది. భుజంగరావుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగుము. రేపు జిల్లాలో ఆక్షేపణ రాకూడదు. తల్లినని హక్కు చెప్పు మనిషిని మేత క్రింద ఎక్కించుటకు వీలు లేదు. బహిరంగముగా ఏదో ఒకటి తేల్చుము. నీవు తల్లివా, మేతవా?"

కరుణకుమారికి ఒళ్లు మండి ఏదో అనబోయింది. అంకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. అంకమ్మ మొహంలో ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. చేటలో పెట్టి అమ్మినప్పుడు ఉన్న సాక్ష్యం పెరటి గోడే. ఇప్పుడు సర్కారు అడుగుతోంది, మైకు పెట్టి మరీ అడుగుతోంది. ఎవరికి వినపడాలని ఆమె ఇన్నాళ్లూ కోరుకుందో వాళ్లందరికీ వినపడుతుంది.

గబగబా వెనక్కి పోయి వేదిక మెట్లెక్కి మైకును రెండు చేతులా పట్టుకుంది.

"నేను తల్లిని కాదండీ! వాడెవరో నాకు తెలవదు. వాడు నాంచారమ్మత్త తవుడుకి కొనుక్కున్న పిల్లోడు. నాకు పిల్లలే లేరు. నేను మేతని!"

లౌడు స్పీకర్లు ఆ మాటను తిరునాళ్లంతా చాటాయి. కుర్రకారు విరగబడి నవ్వారు. కొందరు ముసలమ్మలు మాత్రం నవ్వలేదు, కణతలకు చేతులానించి మెటికలు విరిచారు. వ్యానులో తవిటయ్య ఆ గొంతు విని, దగ్గర్లో ఉన్న లౌడు స్పీకరు వైపు రెండు చేతులూ చాచి ఎగిరెగిరి పడ్డాడు. వాణ్ణి పట్టుకోవడం నాంచారమ్మ వల్ల కాలేదు.

"చాలును, చాలును," అన్నారు భుజంగరావుగారు. "వ్యానెక్కుము."

అంకమ్మ వ్యానెక్కి, చొప్పకట్ట మీద కూర్చుని, బిడ్డను ఒళ్లోకి లాక్కుని పైట కప్పింది. వాడు ఆవురావురుమని పాలు తాగడం మొదలుపెట్టాడు. వ్యాను కదులుతుంటే ఆమె పక్కపలకల మీంచి తల బయటకు పెట్టి, ఎంతో ఆశగా అడిగింది.

"అయ్యా, జిల్లాలో కూడా మైకు పెడతారా?"